గురక ఆగిన చోట

మా వీధిలో ఇద్దరు ఆడపిల్లలు ఈమధ్య నందిగామలో ఒక ఆసుపత్రిలో ఆయాలుగా చేరారు. చేరబోయే ముందు నా దగ్గరకు వచ్చి, "పెద్దమ్మా, నువ్వు చేసినదానివేగా, ఏమేం చెయ్యాలో చెప్పు" అని అడిగారు. దుప్పట్లు మార్చడం, బెడ్‌పాన్ పెట్టడం, రోగిని నొప్పి తెలియకుండా పక్కకు తిప్పడం, ఇవన్నీ కొద్ది రోజుల్లో చేతికి వచ్చేస్తాయి. "వాటికి నేనక్కర్లేదే. ఎన్నాళ్ళు చేసినా రాని పని ఒకటుంది, అది చెబుతా కూర్చోండి" అన్నాను. ఈలోగా వాళ్ళ బస్సుకి టైమైంది. వెళ్ళిపోయారు. అందుకని రాస్తున్నాను.

నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. నా రాత నిదానం. ఇప్పుడు ఇంకా నిదానంగా సాగుతోంది, ఎందుకంటే మా అల్లుడు మధ్యాహ్నం నిద్రలో ఉన్నాడు. నేను మధ్యమధ్యలో పెన్ను ఆపి వింటున్నాను. ఎక్కడైనా మాట తెగినట్టు ఉంటే కారణం అదే.

రోజమ్మ సిస్టరు

నేను పనిచేసింది చిన్న ప్రైవేటు ఆసుపత్రి. కింద ఓపీ, పైన వార్డు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా అక్కడికే వచ్చేవారు. పత్తికి మందు కొడుతూ కళ్ళు తిరిగి పడినవాళ్ళు, హైవే మీద బండి జారినవాళ్ళు, కాన్పుకి వచ్చినవాళ్ళు. వార్డుకి పెద్ద రోజమ్మ సిస్టరు. మనిషి పొట్టి, సన్నం. గొంతు మాత్రం మెట్ల కింద మందుల షాపు దాకా వినబడేది.

డ్యూటీ మారేటప్పుడు ఒక్కొక్క మంచం గురించి ఆయా ఒక మాట చెప్పాలి. మేమందరం ఒకే మాట చెప్పేవాళ్ళం. "గుర్రుపెట్టి నిద్రపోయాడు సిస్టర్." మన దగ్గర ఆ మాటకి అర్థం హాయిగా, కంటినిండా పడుకున్నాడని. పసిపిల్లాడు గుర్రుపెడితే తల్లికి సంతోషం. కొత్తల్లుడు గుర్రుపెడితే ఇల్లు బాగా అలవాటైందని వంటింట్లో నవ్వుకుంటారు. కాబట్టి అంతకన్నా మంచి కబురు ఉండదని మా నమ్మకం.

ఒకరోజు సిస్టరు నన్ను ఆపింది.

"గుర్రు నిద్ర కాదు సుబ్బాయమ్మా, శబ్దం. నువ్వు శబ్దం చెప్పు. నిద్ర సంగతి నేను చూసుకుంటా."

"రెండూ ఒకటే కదండీ."

"ఒకటైతే రెండు మాటలెందుకే?"

ఆమెకు నచ్చని మాట ఇంకొకటి ఉండేది. అది "లేదు". రక్తం కారిందా అని అడిగితే మేం "లేదు సిస్టర్" అనేవాళ్ళం.

"దుప్పటి ఎత్తి చూశావా? చూస్తే ‘కనబడలేదు’ అను. చూడకపోతే ‘చూడలేదు’ అను. ‘లేదు’ అనే మాట డాక్టరుగారిది. అది కూడా ఆయన పరీక్ష చేశాకే."

ఆమె మంచి మనిషి అని నేను రాయను. రోగుల చుట్టాల ముందు మమ్మల్ని కేకలేసేది. ఆమె నోటికి జడిసి ఇద్దరు పిల్లలు పని మానేశారు, వాళ్ళు మంచి పనిమంతులు. చెప్పే విషయం సరైనదైతే చెప్పే తీరు ఎట్లా ఉన్నా ఫర్లేదనుకునే పెద్దలు ప్రతి ఆసుపత్రిలోనూ ఉంటారు. వాళ్ళ తీరు నేర్చుకోకండి, విషయం నేర్చుకోండి. నాకు అక్షరాలు నేర్పింది రాత్రి బడి పంతులమ్మ. ఒక్కొక్క అక్షరం దగ్గర ఆగడం నేర్పింది మాత్రం రోజమ్మ సిస్టరే.

మాష్టారు

వత్సవాయి వైపు నుంచి ఒక మాష్టారు హెర్నియా ఆపరేషనుకి వచ్చారు. లావుపాటి మనిషి, మెడ పొట్టి. ఆపరేషను అయ్యాక మంచం మీద వెల్లకిలా పడుకుని గురకపెడుతున్నారు. నేను పక్కన బల్ల తుడుస్తున్నాను. ఆయన భార్య విసనకర్రతో విసురుతూ, "ఎన్నాళ్ళకి కంటినిండా నిద్రపోతున్నారో చూడమ్మా. గుర్రు చూడు ఎట్లా పెడుతున్నారో. చప్పుడు చెయ్యమాకు" అంది.

నేను గుడ్డ పక్కన పెట్టేశాను. కాసేపటికి గురక ఆగింది. ఆవిడ నిట్టూర్చి, "అదిగో, ఇప్పుడు సర్దుకుంది. ఇంక ప్రశాంతంగా పడుకుంటారు" అంది.

ఇద్దరం ఆయన్ని చూస్తున్నాం. ఇద్దరికీ నిమ్మళంగానే ఉంది. గది గుమ్మంలోంచి వెళ్తున్న రోజమ్మ సిస్టరు మాత్రం నిలబడిపోయింది.

"గురక ఎప్పుడాగింది?"

"ఇప్పుడేనండీ."

"ఇప్పుడే అంటే?"

జవాబు కోసం ఆగకుండా వచ్చి ఆయన ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టింది. గడ్డం పట్టుకుని పైకెత్తింది. బావిలో మునిగి తేలినవాడిలా మాష్టారు ఒక్కసారి గాలి లాక్కున్నారు. మంచం కదిలింది. భార్య చేతిలో విసనకర్ర కింద పడింది. డాక్టరుగారు వచ్చి ఆయన్ని ఏటవాలుగా కూర్చోబెట్టించి, ఆక్సిజన్ పెట్టించారు.

నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగే జబ్బు ఒకటుందని అప్పుడే విన్నాను. డాక్టరుగారు విజయవాడ వెళ్ళి నిద్ర పరీక్ష చేయించుకోమని రాసిచ్చారు. ఇంటికి వెళ్ళేరోజు మాష్టారి భార్య నాతో మెల్లగా అంది, "గురకకి డాక్టరేంటమ్మా, వింటే నలుగురూ నవ్వుతారు." వాళ్ళు వెళ్ళలేదు.

కొన్నేళ్ళ తర్వాత ఆయన మళ్ళీ వచ్చారు. కుడికాలు, కుడిచెయ్యి పడిపోయాయి, మాట రావడం లేదు. గురక వల్లే అని ఏ డాక్టరూ చెప్పలేదు, నేనూ చెప్పను. ఆయనకు బీపీ ఉంది, షుగరు ఉంది. అయినా ఆయన భార్య నన్ను గుర్తుపట్టి కళ్ళు దించుకుంది. ఆవిడ తప్పేమీ లేదని చెప్పాలనిపించింది. కానీ అది కూడా నాకు కచ్చితంగా తెలియని సంగతే.

పిల్లలూ, ఆ రోజు నుంచి నేను పట్టుకున్నది ఇదొక్కటే. గురక ఉన్నచోట కాదు, ఆగిన చోట వినండి.

అరిచే యంత్రం, అరవని యంత్రం

నేను పనిలో చేరినప్పుడు వార్డులో యంత్రాలు తక్కువ. మానేసేనాటికి ప్రతి మంచం తల దగ్గరా ఒక తెర. అవి వచ్చాక మేలు జరిగింది, కాదనను. ఒళ్ళు ముట్టుకుని జ్వరం తగ్గిందని నా చెయ్యి చెబితే, తగ్గలేదని థర్మామీటరు చెప్పిన సందర్భాలు ఎన్నో. చెయ్యి కూడా తప్పు చెబుతుంది. చెవి కూడా.

వేలికి పెట్టే క్లిప్పు ఊడి దుప్పట్లో పడితే యంత్రం గోలగోలగా అరిచేది. మేం ముగ్గురం పరిగెత్తుకెళ్ళేసరికి ఆ పెద్దాయన ఇడ్లీ తింటూ, "ఏంటమ్మా, చట్నీ తెచ్చారా?" అన్నాడు. అందరం నవ్వుకున్నాం. ఆ పరుగు దండగ కాదు. అరిస్తే వెళ్ళాల్సిందే.

నాకు భయం అరవని యంత్రంతోనే. కాన్పు అయిన ఒకమ్మాయి దగ్గర కొత్తగా చేరిన పిల్లని కూర్చోబెట్టారు. ఆ పిల్ల తెరమీద అంకెలే చూస్తూ కూర్చుంది. అంకెలు బాగున్నాయి. బాలింత మాత్రం తలగడ మీద తల అటూ ఇటూ తిప్పుతోంది. సిస్టరు వచ్చి తెరని చూడలేదు, దుప్పటి ఎత్తింది. పక్క రక్తంతో తడిసిపోయి ఉంది. సమయానికి చూసింది కాబట్టి సరిపోయింది. యంత్రం అబద్ధం చెప్పలేదు. దాన్ని వేలికి తగిలించాం, అది వేలి దగ్గరి సంగతి చెప్పింది. దుప్పటి కింద ఏముందో అది చెబుతానని మనకి మాటివ్వలేదు.

పరదా ఇవతల

పని మానేశాక జగ్గయ్యపేటలో మా అమ్మాయి నాగమణి దగ్గరకు వచ్చేశాను. అల్లుడు కోటేశ్వరరావు బడి బస్సు నడుపుతాడు. వేదాద్రి రోడ్డు మీది ఊళ్ళ పిల్లల్ని పొద్దున బడికి తెచ్చి దింపి, ఇంటికొచ్చి, అన్నం తిని పడుకుంటాడు. సాయంత్రం మళ్ళీ వెళ్ళి పిల్లల్ని వాళ్ళ ఊళ్ళలో దింపాలి. బస్సులో ఎక్కువమంది చిన్న తరగతుల పిల్లలు. దిగేటప్పుడు ఒక్కొక్కరూ "డ్రైవరంకుల్ బై" అని చెప్పి గానీ దిగరట. ఆ ముచ్చట ఇంట్లో రోజూ చెప్పి నవ్వుతాడు. సరదా మనిషి. లావు, మెడ పొట్టి.

మా ఇళ్ళలో అత్త అల్లుడి ఎదుట కుర్చీలో కూర్చోదు. అల్లుడు పడుకున్న గదిలోకి అసలు అడుగు పెట్టదు. ఎంతమంది పరాయి మగవాళ్ళ మంచాల పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నానో లెక్కలేదు. సొంత అల్లుడి విషయానికి వచ్చేసరికి గుమ్మానికి వేలాడే పరదాకి ఇవతలే నా చోటు.

వచ్చిన కొత్తలో పరదా ఇవతల కూర్చుని గోంగూర తుంచుతుంటే గదిలోంచి గురక మొదలైంది. పెరిగి పెరిగి టక్కున ఆగింది. నా చేతిలో కాడ అట్లాగే ఉండిపోయింది. ఊపిరి లాగిన చప్పుడు వచ్చాక నేనూ గాలి పీల్చుకున్నాను. ఆయనతో పాటు నేనూ ఊపిరి బిగబట్టానని అప్పుడు తెలిసింది. మళ్ళీ గురక, మళ్ళీ ఆగడం. ఆ మధ్యాహ్నమంతా ఆ ఊపిరి వెంట నా ఊపిరి నడిచింది. సాయంత్రానికి నా ఛాతీ నొప్పెట్టింది.

"నాగమణీ, అల్లుడుగారిని డాక్టరుకి చూపించాలే."

"దేనికే? బస్సు తోలి అలిసిపోయి గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. లేపమాకు."

"మధ్యలో ఆగుతోంది."

"ఆగితే మంచిదేగా. నా చెవులకీ కాస్త రెస్టు."

మాష్టారి భార్య మాటే మా అమ్మాయి నోట విన్నాను. తర్వాత గమనిస్తే ఇంకా కనబడ్డాయి. లేచాక తలనొప్పి అంటాడు. టీవీ ముందు కంచం చేతిలో ఉండగానే కునుకు. కన్నకూతురితో ఫోన్లో మాట్లాడుతూ మాట మధ్యలో కళ్ళు మూతలు. ఇట్లాంటి మనిషి చేతిలో స్టీరింగు, వెనక బస్సు నిండా పిల్లలు. సాయంత్రం బస్సు ఖాళీ చేసి ఆయన ఇంటికొచ్చేదాకా నేను వీధి గుమ్మంలో నిలబడేదాన్ని. హారన్ వినబడితే లోపలికి వెళ్ళేదాన్ని.

నాగమణి చివరికి ఆయనతో చెప్పింది. ఆయన నాకు వినబడేలా, "మీ అమ్మ రిటైరైంది గానీ డ్యూటీ దిగలేదే" అని నవ్వాడు. మా మనవరాలు సింధు హైదరాబాదులో కొత్తగా ఉద్యోగంలో చేరింది. అమ్మమ్మ దిగులు ఫోన్లో విని ఒక స్మార్ట్‌వాచీ కొని పంపింది. నిద్రలో ఊపిరి తేడాలు కూడా చూస్తుందట. "నాన్నా, డాక్టరు దగ్గరకి ఎట్లాగూ రావు. ఇదైనా పెట్టుకో" అంది. ఆ పిల్ల అన్నది "ఇదైనా" అని. ఆయన చెవికి చేరింది "ఇది చాలు" అని.

ఎర్ర దారం

వాచీ వచ్చాక ఇంట్లో అందరి దిగులూ తీరిపోయింది, నాది తప్ప. కొన్నాళ్ళకి అల్లుడు ఫోను పట్టుకొచ్చి పరదా పక్కనుంచి నాకు అందించాడు. సింధు దాన్ని తెలుగులో పెట్టి ఇచ్చింది.

"మీరే చదవండి అత్తయ్యగారూ. మీ దిగులు తీరిపోద్ది."

నేను కూడబలుక్కుని చదివాను. ‘శ్వాస అంతరాయాల సంకేతాలు కనబడలేదు’ అని ఉంది.

"చూశారుగా, లేదంటోంది."

"లేదు అనలేదు బాబూ. కనబడలేదు అంది."

"రెండూ ఒకటేగా అండి!"

రోజమ్మ సిస్టరు ముందు నేనన్న మాట అదే. జవాబు నా నాలుక మీదే ఉంది, అల్లుడితో అట్లా అనలేక ఊరుకున్నాను. ఆయన నాగమణి వైపు తిరిగి, "మీ అమ్మ చదువు లేటుగా నేర్చుకుందిగా, ఒక్క అక్షరం కూడా వదలదు" అన్నాడు. నాగమణి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. దిగులు మాత్రం తగ్గలేదు.

ఆ మధ్యాహ్నం నాగమణి అన్నం వడ్డిస్తుంటే ఆయన మజ్జిగ కోసం చెయ్యి చాపాడు. అప్పుడు చూశాను. ఎడమచెయ్యి గేరు మీద ఉంటుందని ఆయన వాచీ కుడిచేతికి పెట్టుకుంటాడు. ఆ చేతికే వేదాద్రి నరసింహస్వామి దగ్గర కట్టించుకున్న ఎర్ర దారం, నాలుగు పేటలు వేసి కట్టింది. వాచీ ఆ దారం మీద కూర్చుంది. దాని వెనక వెలిగే పచ్చ దీపం దారాన్ని చూస్తోంది తప్ప చర్మాన్ని చూడటం లేదు. చెమట పడుతుందని బెల్టు కూడా వదులు.

"బాబూ, వాచీ ఒంటికి సరిగ్గా తగలడం లేదేమో" అన్నాను వంటింటి గుమ్మంలోంచే.

"దారం తీసెయ్యమంటారా అత్తయ్యగారూ? మొక్కు దారం."

"వద్దు వద్దు, నేనట్లా అనలేదు" అని లెంపలేసుకున్నాను. దేవుడి దారం తియ్యమనే ధైర్యం నాకెక్కడిది?

అన్నం తిని ఆయన పడుకోబోతూ వాచీ విప్పి చార్జింగుకి పెట్టాడు. రాత్రికి పెట్టుకోవాలి కదా మరి. రోజూ అంతేనట. అంటే నేను పరదా ఇవతల రోజూ వింటున్న నిద్రలో ఆ వాచీ బల్లమీద పడుకుని ఉంటోంది.

టమాటాల ఆటో

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం గురక ఆగింది. నేను ఊపిరి బిగబట్టాను. బిగబట్టలేక వదిలేశాను. గదిలోంచి మాత్రం చప్పుడు రాలేదు. నేను మళ్ళీ పీల్చాను, వదిలాను. లేచి నిలబడ్డాను. ఒళ్ళో గోంగూర అంతా నేలమీద పడింది. పరదా పట్టుకున్నాను. గుమ్మం దాటడానికి కాలు రాలేదు.

"నాగమణీ! లోపలికెళ్ళి చూడవే! త్వరగా!"

పెరట్లో బట్టలు ఆరేస్తున్నది పరిగెత్తుకొచ్చి లోపలికి వెళ్ళింది. "ఏమండీ, ఏమండీ" అని కుదపడం వినబడింది. తర్వాత ఆ శబ్దం, మాష్టారు గాలి లాక్కున్న శబ్దం. ఆయన లేవలేదు, పక్కకు తిరిగి మళ్ళీ గురకలోకి వెళ్ళిపోయాడు. నాగమణి బయటికి వచ్చింది. ముఖంలో నవ్వు లేదు.

"అమ్మా, పెదవులు అదో రంగులో ఉన్నాయే."

మర్నాడు నాగమణే తన ఫోను తలగడ పక్కన పెట్టి రికార్డు చేసింది. ఆయన లేచి టీ తాగుతుంటే వినిపించింది. నేను ఇవతల వింటున్నాను. ముందు గురక. "ఎవరిదే ఈ ట్రాక్టరు?" అని ఆయన నవ్వు. తర్వాత గురక ఆగింది.

"ఫోను ఆగిపోయినట్టుంది. చార్జింగు పెట్టలేదా?"

ఫోను ఆగలేదు. అందులో ఫాను టకటక తిరుగుతోంది. వీధిలో ఆటో మైకు, "టమాటాలమ్మా, టమాటా! వంకాయలు, బెండకాయలు! నవనవలాడే టమాటా!" అని అరుస్తూ మా ఇంటి ముందుకొచ్చింది. ఎదురింటావిడ బేరమాడటం వినబడుతోంది. "నిన్నటివి కుళ్ళిపోయాయయ్యా" అంటోంది. ఆటో కదిలింది. మైకు వీధి చివరికి పోయింది. ఇన్ని చప్పుళ్ళలో లేనిది ఒక్క ఆయన ఊపిరే.

ఆ తర్వాత గాలి లాగిన చప్పుడు వచ్చింది.

టీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు విన్నాను. తర్వాత చిన్న గొంతుతో, "ఆ టమాటాల ఆటో వచ్చిందనే నాకు తెలీదే" అన్నాడు.

డాక్టరమ్మ

నేను పనిచేసిన ఆసుపత్రికే తీసుకెళ్ళాం. ఇప్పుడక్కడ ముక్కు, గొంతు చూసే డాక్టరమ్మ ఉంది, చిన్న వయసు. రికార్డు వింది, నోరు తెరిపించి చూసింది, మెడ కొలిచింది.

అల్లుడు ఫోను తీసి చూపించాడు. "వాచీలో ఏమీ లేదండి మేడమ్."

"ఏదీ? కనబడలేదు అందండి" అని ఆమె చదివింది. నాగమణి నా వైపు చూసింది. నేను నేలచూపు చూశాను.

డాక్టరమ్మ కోప్పడకుండా విడమరిచి చెప్పింది. వాచీ ముక్కు దగ్గర ఉండదు. మణికట్టు దగ్గర ఉండి, చెయ్యి కదలికలనో, దీపం వెలుగులో తెలిసే రక్తం తీరునో బట్టి ఊపిరి సంగతి ఊహిస్తుంది. అన్ని వాచీలూ ఒకలా చూడవు. కొన్నిటికి చాలా రాత్రుళ్ళ నిద్ర కావాలి, కునుకులు లెక్కలోకి రావు. వదులుగా ఉన్నా, మధ్యలో ఏదైనా అడ్డం ఉన్నా సరిగ్గా పట్టదు. అన్నీ సరిగ్గా ఉన్నా కొందరిది పట్టుకోలేదు.

"అది ‘ఉన్నట్టుంది’ అంటే పరీక్షకి రండి. ‘కనబడలేదు’ అన్నా, ఇట్లా పగలు నిద్రొస్తుంటే అప్పుడూ రండి."

"మరి ఎందుకండీ అది?" ఆయనకు కోపం వచ్చింది. కూతురు కొనిచ్చింది కదా.

"అసలు ఎవరి దగ్గరకీ రానివాళ్ళని కొందరినైనా అది నా దగ్గరకి పంపుతోందండి. అందుకు. మంచిదే అది. తీర్పు చెప్పేది మాత్రం అది కాదు."

తర్వాత నా వైపు తిరిగింది. "అమ్మా, మీరు విన్నదాంతో కూడా నేను జబ్బు రాయలేను. గురకపెట్టేవాళ్ళందరికీ ఇది ఉండదు. గురక లేనివాళ్ళకీ ఉండొచ్చు, ఆడవాళ్ళలో చాలాసార్లు ఉత్త నీరసమే కనబడుతుంది. పరీక్ష చేద్దాం." రోజమ్మ సిస్టరు ఉంటే తల ఊపేది.

"బస్సు నడుపుతూ ఎప్పుడైనా కునుకు పట్టిందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"అబ్బే, లేదండి" అన్నాడు వెంటనే. ఆయన కుడిచేతి దారాన్ని వేలితో తిప్పుతూ కూర్చున్నాడు. కాసేపటికి, "ఒకసారి" అన్నాడు. "వేదాద్రి రోడ్డులో కల్వర్టు దగ్గర. ఎడం పక్క చక్రాలు మట్టిలోకి దిగాయి. మా బస్సు ఆయా ‘అన్నా!’ అని కేకేస్తే తిప్పేశా. పిల్లలు ఆటనుకుని నవ్వారు. గేదె అడ్డమొచ్చిందని చెప్పా అందరికీ."

నాగమణి రెండు చేతులతో నోరు మూసుకుంది. మాకెవరికీ ఈ సంగతి తెలియదు. సాయంత్రం పూట వీధి గుమ్మంలో నేను నిలబడిన రోజుల్లో ఎప్పుడో ఒకరోజు జరిగింది. ఆ రోజు కూడా హారన్ విని లోపలికి వెళ్ళిపోయి ఉంటాను.

పరీక్షకి ముక్కు దగ్గర గొట్టం, ఛాతీకి పట్టీ, వేలికి క్లిప్పు పెట్టి ఇంట్లోనే పడుకోబెట్టారు. జబ్బు ఉంది, గట్టిగానే ఉంది. ఈసారి "ఉంది" అన్నది డాక్టరమ్మ, పరీక్ష చేశాక.

కుర్చీ

నిద్రలో ముక్కుకి పెట్టుకునే మాస్కు, గాలి ఊదే చిన్న యంత్రం ఇచ్చారు. అది పనిచేస్తోందని తేలేదాకా బస్సు ఎక్కొద్దన్నారు. ఆయన బడికి వెళ్ళి తనే చెప్పుకున్నాడు. బస్సుకి వేరే డ్రైవరుని పెట్టారు. మా అల్లుడు బడి బస్సుల షెడ్డులో టైర్లూ, ఇంజనాయిలూ చూసుకుంటున్నాడు. మళ్ళీ బస్సు ఇస్తారో లేదో ఇంకా తెలియదు. పిల్లలు షెడ్డు ముందునుంచి వెళ్తూ "డ్రైవరంకుల్, ఎప్పుడొస్తారు?" అని అడుగుతున్నారట. ఆ ముచ్చట చెప్పేటప్పుడు ఆయన నవ్వడం లేదు.

మొదటి రోజుల్లో నాతో మాట్లాడలేదు. "మీ అమ్మ నా స్టీరింగు లాగేసిందే" అని నాగమణితో అన్నాడు. ఆ మాటకి నేను బాధపడలేదని రాస్తే అబద్ధం. మాస్కుని "ఏనుగు తొండం" అంటాడు. ఒకటి రెండు రాత్రుళ్ళు పీకి అవతల పడేశాడు కూడా.

నిన్న మధ్యాహ్నం అన్నం తిని గదిలోకి వెళ్ళాడు. ఏదో ఈడ్చిన చప్పుడైంది. పరదా పక్కకు తీసి గుమ్మంలో నిలబడ్డాడు.

"అత్తయ్యగారూ, లోపల కుర్చీ వేశా. కూర్చోండి."

నేను తడబడ్డాను. "అదేంటి బాబూ, నేను లోపల..."

"వాచీ చెబితే నమ్మా. ఇప్పుడు ఈ మిషను చెప్పేదీ నమ్మమంటున్నారు. నాకేమో నిద్రలో ఏమీ తెలియట్లేదు. మీరు చూసి చెప్పండి. నేను మళ్ళీ బస్సెక్కాలి."

వంటింట్లోంచి నాగమణి, "వెళ్ళవే, పిలుస్తున్నాడుగా" అంది.

వెళ్ళాను. ఇవాళ కూడా ఆ కుర్చీలోనే కూర్చుని ఇది రాస్తున్నాను. ఆయన చేతికి ఎర్ర దారం అట్లాగే ఉంది. వాచీ ఎడమచేతికి మారింది, ఇప్పుడు గేరు లేదు కదా. యంత్రం సన్నగా గాలి ఊదుతోంది. గురక లేదు. ఇల్లంతా నిశ్శబ్దం. నేను వార్డులో భయపడింది ఈ నిశ్శబ్దానికే, ఇప్పుడు దీన్నే మంచిదనుకోమంటున్నారు. అలవాటు కావడం లేదు. నాలుగు మాటలు రాసి తలెత్తి చూస్తున్నాను.

ఇందాక నాగమణి వంటింట్లోంచి అడిగింది. "అమ్మా, ఎట్లా ఉన్నాడే?"

"బాగున్నాడు" అనే మాట నోటిదాకా వచ్చింది. ఆపుకుని, ఇంకోసారి చూశాను.

"ఛాతీ లేస్తోంది, దిగుతోంది. ఇప్పటిదాకా ఆగడం కనబడలేదు."

"ఇంకాసేపు కూర్చుంటావా మరి?"

కుర్చీని మంచానికి ఇంకొంచెం దగ్గరకు జరుపుకున్నాను.